ఆఖరి నెంబరు ఎవరికీ ఇవ్వం

మా మేడం పోయారు. ఆ రోజు పొద్దున అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగి ఉస్మాన్‌గంజ్ సందులో నడుస్తుంటే సనా ఫోన్ చేసింది. సనా ఇప్పుడు మేడం దగ్గర చదువుకుంటున్న బ్యాచ్‌లో అమ్మాయి, పాతబస్తీ మొఘల్‌పురాలో మేడం ఇంటి వెనక గల్లీలోనే ఉంటుంది. "అక్కా, మేడం గుజర్ గయే," అంది. చుట్టూ ఎండుమిరప మూటలు దింపుతున్నారు. ఆ ఘాటుకి దారిన పోయేవాళ్లంతా తుమ్ముతున్నారు, కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్ల మధ్య నేనూ కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను. నన్నెవరూ పట్టించుకోలేదు.

"తీరని లోటు", "పెద్ద దిక్కును కోల్పోయాం" లాంటి మాటలు రాయబోయి మానేశాను. రాస్తే ఆవిడ వెనక నుంచి "గవన్ని ఎందుకు బిడ్డా, లెక్క జెయ్యి" అని ఉండేవారు. పైగా నాకు దుఃఖంతో సమానంగా కోపం ఉంది. ఆవిడ నేర్పిన చదువు పాతబడిందనీ, ఆ క్లాసు ఇక అక్కర్లేదనీ చాలా మర్యాదగా చెప్పడం విన్నాను. దానికి జవాబుగానే ఇది రాస్తున్నాను. చదివేవారికి నెట్‌వర్కింగ్ తెలియకపోయినా ఫరవాలేదు. ఆ మేడ మెట్లు మొదటిసారి ఎక్కినప్పుడు మాకూ తెలియదు.

మేడం కంచన్‌బాగ్‌లో సర్కారు కొలువు చేశారు, కంప్యూటర్ సెక్షన్‌లో. ఆవిడ భర్తదీ అటువైపే ఉద్యోగం, లోహం కరిగించే పని. ఆయన్ని మేమందరం బాపు అంటాం. రిటైరయ్యాక మేడం కొన్నాళ్లు ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పారు. పరీక్షలో వచ్చే ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించండి చాలు అన్నారట వాళ్లు. "నేను టేప్‌రికార్డర్‌ను గాను" అని బయటికొచ్చేసి, సొంతింటి మేడ మీది గదిలో క్లాసు పెట్టుకున్నారు. ఒక గోడకు నల్లరంగు వేయించారు. బెంచీలు బాపు తన చేత్తో వెల్డింగ్ చేసిచ్చారు. వాటిలో ఒకటి ఇప్పటికీ కుంటుతుంది, దాని కాలు కింద అట్టముక్క పెట్టుకుని కూర్చుంటాం.

వినయం అనేది మేడంకు తెలియదు. "నా అంత మంచిగ ఈ షహర్‌ల ఎవ్వరు జెప్పరు" అని మొదటి రోజే చెప్పేశారు. ఎవరైనా మెచ్చుకుంటే మొహమాటపడేవారు కాదు, ఇంకా ఏం బాగుందో చెప్పమనేవారు. ఆవిడ పాఠం చెప్పే పద్ధతి కూడా ఎక్కడా చూడలేదు. గోడ దగ్గర నిలబడరు. ఆఖరి బెంచీ పక్కన, అందరికంటే వెనక, ఒక ఇనప స్టూలు మీద కూర్చుంటారు. మాలో ఒకరం చాక్‌పీస్ పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాలి. ఆవిడ వెనక నుంచి చెబుతుంటే గీస్తూ పోవాలి. ఎవరైనా తల తిప్పి చూస్తే "నా మొకంల ఏమున్నది, గోడ జూడుర్రి" అనేవారు. గీత కొంచెం వంకరపోతే ఇక అయిపోయినట్టే. "గోడ వంకర వెట్టినవ్, ఇల్లు కూలుతది. తుడువు. మళ్ల గియ్యి." చేతులు తెల్లబడేదాకా తుడిచి మళ్లీ గీసినవాళ్లమే అందరం.

మొదటి పాఠం ఎప్పుడూ ఆ గల్లీ కథే. ఒకప్పుడు ఆ గల్లీ మొత్తం ఒక నవాబు దేవిడీ, పెద్ద మహలు అట. వారసులు పంచుకున్నారు, అమ్ముకున్నారు, నడుమ గోడలు లేచాయి, గోడల నడుమ దర్వాజాలు లేచాయి. మేడం ఇల్లున్న చోట గుర్రాలు కట్టేవారట. "గుర్రాల జాగల పాఠం జెప్తున్న. మీరు గాడిదలు గాకుర్రి" అని నవ్వి అసలు సంగతిలోకి వచ్చేవారు.

నెట్‌వర్క్‌లో ప్రతి మెషీన్‌కూ ఇంటి నెంబరులాంటిది ఒకటి ఉండాలి. చుక్కలు పెట్టి విడదీసిన నాలుగు సంఖ్యలు, ఒక్కొక్కటి సున్నా నుంచి రెండు వందల యాభై ఐదు దాకా ఉండొచ్చు. ఐపీ అడ్రస్ అంటే అదే. మొదట్లో ఈ నెంబర్లను ముఖ్యంగా మూడు సైజుల్లోనే పంచేవారు. మొదటి సంఖ్య ఒకటి నుంచి నూట ఇరవై ఆరు దాకా ఉంటే ఏ క్లాసు. మేడం లెక్కలో అది దేవిడీ, కోటిన్నరకు పైగా నెంబర్లు. నూట ఇరవై ఎనిమిది నుంచి నూట తొంభై ఒకటి దాకా బీ క్లాసు, హవేలీ, అరవై ఐదు వేల పైచిలుకు. నూట తొంభై రెండు నుంచి రెండు వందల ఇరవై మూడు దాకా సీ క్లాసు, చిన్నిల్లు, రెండు వందల యాభై ఆరు.

"మూడు వందల మెషీన్లున్నోడు ఒకడొచ్చిండు. చిన్నింట్ల పట్టడు. ఏమిచ్చిన్రు? హవేలీ ఇచ్చిన్రు. వాడు ఒక్క అర్రల పండుకున్నడు, మిగిలిన అర్రలకు తాళమేసి కూసున్నడు. బయట జనం జాగ లేక నిలవడ్డరు." ఇది చెప్పేటప్పుడు మేడం గొంతులో నిజంగానే కోపం ఉండేది, ఆ తాళం వేసినవాడు పక్కింట్లోనే ఉన్నట్టు.

మాస్క్ అంటే గోడ ఎక్కడుందో చెప్పే సంఖ్య. క్లాసుల కాలంలో గోడ ముందే కట్టి ఉండేది, జరపడానికి లేదు. తర్వాత అవసరాన్ని బట్టి గోడ జరుపుకోవచ్చన్నారు. ఒకే స్థలంలో ఒకరికి పెద్ద గది, ఇంకొకరికి చిన్న గది. దానికి వేరియబుల్ లెంత్ సబ్‌నెట్ మాస్క్ అని నోరు తిరగని పేరొకటి పెట్టారు. మేడం దాన్ని "పంపకం" అనేవారు.

అప్పట్లో నేనూ తెలివిమీరి అడిగాను, క్లాసులు ఎప్పుడో రద్దయ్యాయి కదా, పాఠాల్లో ఇంకా ఎందుకు మేడం అని. స్టూలు కిర్రుమంది. ఆవిడ ముందుకు వంగినట్టున్నారు.

"గోడ ఎందుకు కూలగొట్టిన్రో తెల్వకపోతె మళ్ల గదే గోడ కడ్తవ్ బిడ్డా," అన్నారు.

ఇప్పుడు నేనొక ఆసుపత్రిలో నెట్‌వర్క్ చూసే ఉద్యోగం చేస్తున్నాను. కొత్త సామాను వస్తుంది, కొత్త మనుషులు వస్తారు. అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒకే సైజు ఇచ్చేద్దాం, గొడవ ఉండదు అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు వెనక స్టూలు కిర్రుమన్నట్టే ఉంటుంది.

పంపకం పాఠానికి మేడం గోడ మీద ఒక పొడుగాటి ప్లాటు గీయించేవారు, రెండు వందల యాభై ఆరు గజాలది. నలుగురు వాటాదారులు. ఒకరికి వంద మెషీన్లు, ఒకరికి యాభై, ఒకరికి ఇరవై ఐదు, ఒకరికి పది. వాటా సైజు పదహారు, ముప్ఫై రెండు, అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది, ఇలా రెట్టింపులుగానే కోయాలి; వందకు నూట ఇరవై ఎనిమిది, యాభైకి అరవై నాలుగు. అంతేకాదు, నూట ఇరవై ఎనిమిది గజాల వాటా మన ఇష్టం వచ్చిన చోట మొదలుకాదు. సున్నా దగ్గరైనా మొదలవ్వాలి, సరిగ్గా సగం దగ్గరైనా మొదలవ్వాలి. ప్రతి వాటాలోనూ మొదటి నెంబరూ ఆఖరి నెంబరూ ఏ మెషీన్‌కూ ఇవ్వకూడదు. "మొదటిది గల్లీ పేరు. ఆఖరిది పిలుపు. ఆడికెళ్లి మాట్లాడితే గల్లీల అందరికి ఇనవడ్తది. గందుకే అది ఎవ్వరికి ఇయ్యం," అనేవారు.

ఈ పాఠంలో తను చేసిన పొరపాటును మేడం గొప్పగా చెప్పుకునేవారు. ఇక్కడే ఒక ధర్మాసుపత్రి ఉండేది. అక్కడ కంప్యూటర్లు పెట్టేటప్పుడు నెంబర్లు పంచమని మేడంను పిలిచారట. మా ఇళ్లల్లో ఏ దావత్ అయినా ముందు చిన్నపిల్లలకు వడ్డిస్తారు, తర్వాతే పెద్దల బంతి. ఆ అలవాటుకొద్దీ మేడం ముందు చిన్నవాళ్లను చూశారు. మందుల కౌంటర్‌కు ప్లాటు మొదట్లో, చీటీల కౌంటర్‌కు సరిగ్గా సగం దగ్గర చోటిచ్చారు. పాపం, రేపు పెరిగినా ఇబ్బంది పడకూడదని ఇద్దరికీ చెరో సగంలో విశాలంగా. ఆఖరున వార్డులు వచ్చాయి, వంద మెషీన్లతో. చూస్తే ప్లాటు దాదాపు ఖాళీగానే ఉంది. కానీ రెండు సగాల మొదట్లోనూ ఒక్కో చిన్నవాడు కూర్చుని ఉన్నాడు. పెద్దదానికి మొదలయ్యే చోటే లేదు.

"జాగ మస్తున్నది. ఇయ్యనీకి లేదు," అని మేడం తొడ మీద చరుచుకుని నవ్వేవారు. "అన్ని పీకి మళ్ల వెట్టిన. పేషెంట్లు లొల్లి, డాక్టర్లు లొల్లి. గప్పుడు సమజైంది. పెద్దదానికి ముందు ఇచ్చుడు ఇజ్జత్ గాదు. అది మొండిది, ఏడంటె ఆడ పట్టదు. చిన్నది తెలివైంది, ఏ సందుల్నైన ఇముడుతది. దాని ఫికర్ నాకు లేదు."

చిన్నవాళ్ల గురించి ఆవిడ బెంగపెట్టుకోకపోవడం నాకు మొదట కష్టంగా అనిపించేది. మేమంతా చిన్నవాళ్లమే కదా. తర్వాత అర్థమైంది, మా మీద ఆవిడకున్న నమ్మకం అది.

నా మొదటి ఇంటర్వ్యూ ఊరికి ఆ చివరన, అద్దాల బిల్డింగులో. ఇంటర్వ్యూ చేసినాయన నా కాగితం మీద మొఘల్‌పురా అని చూసి, సబ్‌నెట్ ఒక్కటీ అడగకుండా, "అక్కడి నుంచి రోజూ రాగలరా? ఇంట్లో పంపిస్తారా?" అని అడిగాడు. వస్తానండీ, పంపిస్తారండీ అని వచ్చేశాను. మళ్లీ రమ్మన్నారు. వెళ్లేముందు మేడంకు చెప్పాను.

"ఈసారి అడిగితె వస్త అనకు," అన్నారు. "మీరెప్పుడన్న అటు వచ్చిన్రా అని నువ్వడుగు."

ఆయన అడిగాడు. నేనూ అడిగాను. ఉద్యోగం రాలేదు. మేడం ఆ సాయంత్రం డబుల్ కా మీఠా చేసి బ్యాచ్ మొత్తానికి పెట్టారు. ఉద్యోగం వచ్చినవాళ్లకు ఎప్పుడూ చేసిపెట్టలేదు, వాళ్లే మిఠాయి తెచ్చేవారు. ఆ తర్వాత నేను హాజరైన ఏ ఇంటర్వ్యూలోనూ నా గల్లీ పేరు గొంతు తగ్గించి చెప్పలేదు. దీనికి ఏ పరీక్షలోనూ మార్కులుండవు, కానీ నాకు ఆవిడ నేర్పినవాటిలో ఇదే ఎక్కువ పనికొచ్చింది.

కిడ్నీలు పాడయ్యాయని తెలిశాక కూడా మేడం క్లాసు ఆపలేదు. డయాలసిస్ చేయించుకుని ఆటోలో వచ్చి, బాపు చెయ్యి పట్టుకుని మెట్లెక్కి, స్టూలు మీద కూర్చుని కాసేపు కళ్లు మూసుకునేవారు. తర్వాత "ఎవలు లేస్తున్నరు గోడకాడికి?" అనేవారు. ఆసుపత్రి మంచం మీద చివరిసారి చూసినప్పుడు నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. చెయ్యి లాక్కున్నారు. "ఏడ్వకు. పోరగాళ్లకు పంపకం సగంల ఉన్నది. బుధవారం క్లాసున్నది, మర్వకు." నువ్వు చెబుతావా అని ఆవిడ అడగలేదు. నేను చెబుతానని అనుకున్నారు, అంతే. ఆ బుధవారం వచ్చేసరికి ఆవిడ లేరు. క్లాసూ జరగలేదు.

దినాలు అయిన మర్నాడు మేడం మరిది వచ్చారు. ఆయనకు ఉస్మాన్‌గంజ్‌లో చింతపండు హోల్‌సేల్ కొట్టుంది. చెడ్డమనిషి కాదు. మేడం ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ రోజూ క్యారేజీ తెచ్చింది ఆయనే. టేపు పట్టుకుని మేడ మీదికెక్కి గది కొలుస్తున్నారు. సనా ఫోన్ చేస్తే నేను డ్యూటీలో చెప్పి పరుగున వెళ్లాను. బ్యాచ్ పిల్లలంతా బెంచీల మీద కూర్చుని ఉన్నారు.

"వదినె లేకపాయె. ఇగ క్లాసేడిది బిడ్డా?" అన్నారాయన. "రూము ఉత్తగ పడి ఉంటది. మా మూటలు వెట్టుకుంట."

"బ్యాచ్ నడుమల ఉన్నది కాకా. వీళ్ల పరీక్ష దగ్గర పడ్డది. నేను చెప్త."

"నీకు కొలువున్నది. ఎన్నొద్దులు జెప్తవ్? వదినె అంటె నాకు మస్తు ఇజ్జత్. కాని ఇప్పుడు గీ లెక్కలన్ని ఫోన్లనే వస్తున్నయంటగద. మా పోరడు జెప్పిండు, గీ ఏ బీ సీ క్లాసులు ఎప్పుడో బంద్ అయినయట."

"ఎందుకు బంద్ అయినయో చెప్పిండా?"

"గది నాకేం తెల్సు?"

"మీ పోరనికి తెల్వదు కాకా. వీళ్లకు తెల్సు." నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "ఫోన్‌ల వస్తది, నిజమే. ఎవరికెంత కావాల్నో, రేపు ఎంత పెరుగుతరో అది మనల్నే అడుగుతది. గది చెప్పుడు ఈ రూముల నేర్పిన్రు."

సనా బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. "హమ్ నై ఉఠ్‌తే అంకుల్. మేం లేవం. మూటలు తెచ్చి మా మీదనే పెట్టుకోండి," అంది. వెనక ఎవరో నవ్వారు. ఆయనకు కోపం వచ్చింది. పెద్దమనుషులతో మాట్లాడే పద్ధతేనా ఇది అన్నారు. ఆ గది ఆ క్షణాన చేజారిపోయిందనే అనుకున్నాను. ఇల్లు వాళ్లది. మేమెవరం?

అప్పుడు బాపు మెట్లెక్కి వచ్చారు. మోకాళ్ల నొప్పులు, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి వచ్చారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పాఠం జరుగుతున్నంతసేపు కింద వాకిట్లో పేపరు ముందు పెట్టుకుని కూర్చునేవారు. గోడకు చెయ్యి ఆనించి తమ్ముణ్ణి చూశారు.

"నీ మూటలు అన్ని ఒక్క తానే ఉండాల్నా? ఇడిగ పెట్టొస్తదా?"

"ఇడిగ పెట్టొచ్చు. ఏం?"

"క్లాసును ఇడిగ పెట్టొస్తదా?"

కాక బెంచీల వైపు చూశారు.

"పెద్దదానికి ముందు ఇయ్యాలె," అన్నారు బాపు. ఊపిరి తీసుకుని మళ్లీ అన్నారు. "నీ మూటలు చిన్నయి, ఏడన్న ఇముడుతయి. మెట్ల కింద పెట్టు. వంటింట్ల పెట్టు. నా మంచం కింద పట్టినన్ని పెట్టు. దీనికి గీ ఒక్క జాగనే ఉన్నది."

ఇన్నేళ్లూ ఆ పేపరు వెనక కూర్చుని ఆయన మొత్తం పాఠం విన్నారని మాకు అప్పుడే తెలిసింది. కాక టేపు చుట్టి జేబులో వేసుకున్నారు. కిందికి దిగుతూ, మెట్ల కింద చెమ్మ వస్తదా అని అన్నను అడిగారు. ఇప్పుడు ఆ ఇంట్లో అడుగుపెడితే చింతపండు వాసన. బాపు మంచం కొంచెం ఎత్తయింది.

క్లాసు పాతబడిందన్నవాళ్లకు నా జవాబు ఇంతే. ఆవిడ నేర్పిన లెక్కతోనే ఆవిడ గది నిలబడింది.

తర్వాతి బుధవారం నేను వెళ్లేసరికి అందరూ వచ్చేశారు. కొత్తగా ఒకమ్మాయి చేరింది. బెంచీలు నిండిపోయాయని వెనక ఇనప స్టూలు మీద కూర్చోబోయింది. సనా జరిగి తన పక్కన చోటిచ్చింది.

"ఆడ వద్దు," అంది. "ఆఖరిది ఎవ్వరికి ఇయ్యం."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. పాఠంలో వస్తుందిలే అన్నాను.

నల్లగోడ మీద మేడం చెబుతుంటే పిల్లలు గీసిన ప్లాటు అలాగే ఉంది, ఎవరూ తుడవలేదు. వంద మెషీన్ల వాటా అయింది, యాభై వాటా అయింది. ఇరవై ఐదు దగ్గర ఆగింది. నేను స్టూలు వైపు చూడకుండా చాక్‌పీస్ తీసుకుని గోడ దగ్గరికి వెళ్లాను. అది నూట తొంభై రెండు దగ్గర మొదలై రెండు వందల ఇరవై మూడుతో అయిపోతుందని చెప్పి, అక్కడ గోడ కట్టాను.

గీత వంకరగా వచ్చింది. చాక్‌పీస్ గోడ మీదే పెట్టి ఆగాను. వెనక స్టూలు కిర్రుమనలేదు.

తుడిచేసి, మళ్లీ గీశాను.